‘డోర్’లో మీరా పెట్టిన సంతకం: అది క్షమించడమేనా?

రెండో_ఆట · రాత్రి 10:42

నిన్న రాత్రి హిందీ సినిమా ‘డోర్’ (అంటే దారం) మళ్ళీ చూశాను, మూడోసారి. మొదటిసారి 2006 సెప్టెంబర్‌లో, విడుదలైన వారంలోనే. నిజం చెప్పాలంటే మున్నాభాయ్‌కి టికెట్లు దొరక్క దీనికి దూరాం. నలుగురం వెళ్తే ఇద్దరు ఇంటర్వెల్‌లో సమోసా తిని అటే వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరం బండి మీద ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు.

చూడనివాళ్ళకు కథ రెండు ముక్కల్లో. హిమాచల్ కొండల్లో జీనత్ (గుల్ పనాగ్), రాజస్థాన్ ఇసుకలో మీరా (ఆయేషా టాకియా). ఇద్దరి మొగుళ్ళూ బతుకుతెరువుకి సౌదీ వెళ్ళి ఒకే గదిలో ఉంటారు. మీరా భర్త పైనుంచి పడి చనిపోతాడు. జీనత్ భర్తే తోశాడని అతనికి మరణశిక్ష. చనిపోయినవాడి భార్య మాఫీనామా మీద సంతకం పెడితే ప్రాణం దక్కుతుంది. ఒక ఫోటో పట్టుకుని జీనత్ ఆ భార్యని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. దొరుకుతుంది. కానీ తానెవరో చెప్పదు, స్నేహం చేస్తుంది.

నా గొడవ ఏంటంటే, మొదటి రెండుసార్లూ చివర్లో ఏడ్చాను. ఈసారి ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. నిజం తెలిసినప్పుడు మీరా ఛీ కొడుతుంది. ఆ తర్వాత మామగారు తనని అప్పుకింద ఇంకొకడికి అప్పజెప్పబోతున్నాడని తెలుస్తుంది. అప్పుడు సంతకం పెడుతుంది. అంటే క్షమించినట్టా? ఇంట్లోవాళ్ళ మీద కోపం ఆ కాగితం మీద చూపించినట్టా?

ఇరానీ_చాయ్ · రాత్రి 10:58

కథ మొత్తం చెప్పేసి ‘రెండు ముక్కల్లో’ అంటావేంటి బ్రదర్. ఇంక చూడాల్సింది పాటలేనా?

రెండో_ఆట · రాత్రి 11:01

ఇరవై ఏళ్ళ సినిమాకి ఇంకా సస్పెన్స్ ఏంటి సామీ. అయినా ఈ సినిమాలో ఏం జరుగుతుందో పోస్టర్ చూస్తేనే తెలిసిపోతుంది. ఎలా జరుగుతుందో చూడాలి.

ఇరానీ_చాయ్ · రాత్రి 11:09

సరే ఒప్పుకున్నా. మనవాళ్ళకి తెలియాల్సింది ఒకటుంది. తీసిన నాగేశ్ కుకునూర్ మన హైదరాబాదీ. అమెరికాలో ఇంజనీరు ఉద్యోగం చేసుకుంటూ, దాచుకున్న డబ్బుతో వచ్చి 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశాడు. ‘డోర్’లో ఆ ఫ్యాక్టరీ ఓనర్ చోప్రా ఉన్నాడే, అప్పుకి బదులు మీరాని అడిగే మనిషి, అది ఆయనే. దర్శకుడై ఉండి సినిమాలో అందరికంటే నీచమైన వేషం తనకే రాసుకున్నాడు. నాకు అది నచ్చింది.

ఆయేషా టాకియా అంటే నాకప్పటికి ‘సూపర్’లో నాగార్జున పక్కన చూసిన అమ్మాయే. ఏడాది తిరిగేసరికి ఇలా కనిపించింది. బహురూపి వేషం వేసిన శ్రేయస్ తల్పడే గొంతు మీ అందరికీ తెలుసు. ‘పుష్ప’ హిందీలో అల్లు అర్జున్‌కి చెప్పింది అతనే. ఇక్కడ ఊళ్ళమ్మట వేషాలు మార్చుకుంటూ, సినిమా హీరోలని అనుకరిస్తూ తిరుగుతుంటాడు.

కొబ్బరాకు · రాత్రి 11:40

మామగారుగా గిరీశ్ కర్నాడ్. ‘ఆనంద భైరవి’లో ఆ నాట్యాచార్యుణ్ణి చూసిన కళ్ళతో ఈయన్ని చూడాలంటే కష్టంగా ఉంటుంది. అరవడు, కొట్టడు. కూర్చుని లెక్క వేస్తాడు, అంతే. కొడుకు పోయాడని ఏడుస్తాడు కూడా. అదే కదా భయం. ఆయన చెడ్డవాడిలా ఉండడు, మన ఇళ్ళల్లో అరుగు మీద కూర్చునే మనిషిలా ఉంటాడు.

రెండో_ఆట గారు, మీ ప్రశ్నకి రేపు రాస్తాను. నా దగ్గర ఒక సంగతుంది, నిద్రమత్తులో రాసేది కాదు.

నిద్రగన్నేరు · రాత్రి 11:52

మధ్యలో ఒక మాట. మనకి ఇక్కడ భాషే సాయం చెయ్యదు. ‘క్షమాపణ’ అంటే మనం అడిగేది. ఇచ్చేదానికి సరైన మాట లేదు. ‘క్షమాభిక్ష’ అంటే పేపర్లో రాష్ట్రపతి గుర్తొస్తాడు, పైగా అందులో భిక్ష ఉంది, అంటే ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద. మీరా ఎవరికంటే పైనుంది గనక భిక్ష వెయ్యడానికి?

ఇక ‘మాఫీ’ అంటారా, తెలుగువాడికి ఆ మాట వినగానే రుణమాఫీ. నవ్వులాటకి అనడం లేదు. ఈ సినిమాలో నిజంగానే రెండు బాకీలున్నాయి. ఒకటి ప్రాణం బాకీ, రెండోది మామగారి హవేలీ మీద అప్పు. రెండూ తీరాల్సింది ఒక్క మనిషి చేతిమీదుగానే. మొదటిదానికి ఆమె సంతకం కావాలి, రెండోదానికి ఆమే కావాలి. మామగారు రెండో బాకీ గురించి మాట్లాడేటప్పుడు ఆమెని అడగను కూడా అడగడు. జీనత్ అబద్ధమాడింది, ఒప్పుకుంటాను. కానీ చివరికి వచ్చి అడిగింది. ఆ ఇంట్లో పెళ్ళయ్యాక మీరాని ‘నీకేం కావాలి, ఏం చేస్తావు’ అని అడిగిన మనిషి ఇంకొకరు ఉన్నారా?

జగిత్యాల_పోరడు · రాత్రి 12:31

సలాం అందరికి. రియాద్ నుంచి రాస్తున్న. పదకొండేండ్లయింది వచ్చి. ఈ సినిమ మా రూంల శుక్రవారం నాడు పెట్టిండ్రు, ఎనిమిది మందిమి ఒక్క లాప్‌టాప్ ముందల. సగం గంటకే ఒకడు బయటికి పోయి సిగరెట్ ముట్టిచ్చిండు. మల్ల లోపటికి రాలె.

మీరు సంతకం, క్షమాపణ అని పెద్దగ మాట్లాడుతున్నరు గని, ఇక్కడి కానూను సంగతి కొంచెం చెప్త. సినిమల చెప్పింది అబద్ధం కాదు. హత్య కేసుల ప్రాణానికి ప్రాణం అడిగే హక్కు సర్కారుది కాదు, పోయినోని వారసులది. వాళ్ళు ఊకెనే మాఫ్ చెయ్యొచ్చు, లేకపోతే దియా, అంటే పైసలు తీసుకొని మాఫ్ చెయ్యొచ్చు. సినిమల భార్య ఒక్కతే అన్నట్టు చూపిచ్చిండ్రు. అసలైతే అమ్మ, నాయన, పిల్లలు అందరు వారసులే. అయితే వాళ్ళల్ల ఒక్కరు మాఫ్ అన్నా తల తీసుడు ఆగిపోతది. గందుకే ఒక్క సంతకానికి గంత బరువు.

మన దిక్కు ముచ్చట మీకు యాదికుందా? సిరిసిల్ల దిక్కు మనోళ్ళు ఐదుగురు దుబాయ్ జైల్ల పడ్డరు, 2005ల ఒక నేపాల్ వాచ్‌మన్ చచ్చిపోయిన కేసుల. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ 2011ల నేపాల్ పోయి ఆ వాచ్‌మన్ కుటుంబాన్ని కలిసి 15 లక్షలు ఇచ్చిండు. ఆ వాచ్‌మన్ భార్య మాఫ్ చేసింది. గని వాళ్ళు ఇంటికొచ్చేసరికి 2024. పద్దెనిమిదేండ్లు. పోయినప్పుడు పాలు తాగే బిడ్డకు వచ్చేసరికి పెండ్లీడు.

మేమందరం సిరిసిల్ల వాళ్ళ గురించే మాట్లాడుకున్నం. వాళ్ళు అమాయకులు, పాపం అని. ఆ నేపాలీ ఆమె గురించి నేనొక్కసారి గూడ ఆలోచన చెయ్యలె. ఈ సినిమ చూసినంక ఆలోచన చేసిన. ఎవరో పరాయి దేశం నుంచి పెద్ద మనుషులు వచ్చి ఇంటి ముందట కూసున్నరు. ఆమె ఏమనుకున్నదో.

రెండో_ఆట · రాత్రి 12:50

అన్నా, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ దారం మొదలుపెట్టినందుకు నాకు ఆనందంగా ఉంది. నేను సినిమాని సినిమాగానే చూశాను. మీ గదిలో కూర్చుని చూడ్డం వేరు.

పాలక్కాడ్_కోడలు · ఉదయం 7:15

కాఫీ తాగుతూ మొత్తం చదివాను. ఎవరూ అసలు సంగతి ఎత్తలేదేం? ‘డోర్’ మలయాళం నుంచి వచ్చింది. 2004లో కమల్ తీసిన ‘పెరుమళక్కాలం’. అంటే కుంభవృష్టి కాలం అనుకోండి. నేను తెలుగమ్మాయినే, అత్తగారిల్లు పాలక్కాడ్. అక్కడ ఈ సినిమా గురించి మాట్లాడకుండా ‘డోర్’ పేరెత్తితే మా ఆడపడుచు అన్నం పెట్టదు.

అందులో చనిపోయినతని భార్య గంగ, పాలక్కాడ్ అగ్రహారం అమ్మాయి, కావ్యా మాధవన్ వేసింది. ఆ ఏడాది కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు ఆమెకి వచ్చింది. వెతుక్కుంటూ వచ్చే రజియాగా మీరా జాస్మిన్. పేరుకు తగ్గట్టే సినిమా నిండా వాన. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు తడుస్తున్నారో తెలీనంత వాన.

కుకునూర్ చేసిన తెలివైన పని ఏంటంటే, ఆ వానని మొత్తం ఎండగట్టేశాడు. తడి లేని చోటికి తీసుకెళ్ళాడు. మలయాళంలో ఏడుపుంటుంది, ఊరి కట్టుబాటు ఉంటుంది, వెలివేస్తామంటారు. హిందీలో ఇసుక, ఖాళీ, దూరంగా నడుచుకుంటూ వెళ్ళే ఒక మనిషి. ఇంకో పెద్ద మార్పు, ఆ ఇద్దరి మధ్య స్నేహం. మలయాళంలో బరువంతా బతిమాలడం మీదే. ఇక్కడ గుడి దగ్గర మొదలైన స్నేహమే కథ. అందుకే ఇక్కడ మోసం ఎక్కువగా గుచ్చుకుంటుంది. అడగడానికి వచ్చినదాన్ని కాదనొచ్చు, స్నేహితురాల్ని ఎలా కాదంటారు?

నాకు రెండూ ఇష్టమే. ఏదో ఒకటి ఎంచుకోమంటే ఆడపడుచు పక్కన లేనప్పుడు ‘డోర్’ అంటాను.

రీరికార్డింగ్ · ఉదయం 9:30

నేను సౌండ్ పనిలో ఉంటాను కాబట్టి నాకు వేరేవి కనిపిస్తాయి, అంటే వినిపిస్తాయి. ఇలాంటి కథ మన చేతికి వస్తే భర్త పోయాడన్న వార్త దగ్గర నాలుగు వయొలిన్లు, ఒక షెహనాయి, ఉరుము ఒకటి గ్యారంటీ. నేను కూడా అలాంటివి బోలెడు వేశాను, పొట్టకూటికి. సలీం-సులైమాన్ ఇందులో చాలాచోట్ల చేతులు కట్టుకుని కూర్చున్నారు. చేతులు కట్టుకుని కూర్చోడానికి ధైర్యం కావాలి, నిర్మాత పక్కనే ఉంటాడు కదా. షఫ్కత్ అమానత్ అలీ పాడిన ‘యే హోస్లా’ వినండి, అది కూడా గొంతు పెంచి ఏడిపించదు.

సుదీప్ చటర్జీ కెమెరా గురించి ఒక్క మాట. కొండల్లో పచ్చదనం, ఇక్కడ మట్టిరంగు. పెళ్ళైన కొత్తలో మీరా ఒంటిమీద ఎన్ని రంగులో. తర్వాత ఆ రంగులన్నీ తీసేస్తారు. చుట్టూ గోడలూ ఇసుకా అలాగే ఉంటాయి, రంగు పోయింది మనిషికి మాత్రమే. దాని గురించి డైలాగ్ అక్కర్లేదు.

నాకు నచ్చనిది కూడా చెప్తాను. క్లైమాక్స్‌లో రైలు. కదిలే రైలు, పరిగెత్తే అమ్మాయి, చాచిన చెయ్యి. ఇది ఎక్కడ చూశామో దేశమంతా తెలుసు. అంతసేపు అంత నెమ్మదిగా నడిపి, చివర్లో షారుఖ్ రైలు ఎక్కించడం అవసరమా?

ఇరానీ_చాయ్ · ఉదయం 9:48

అవసరమే! ఆ అమ్మాయికి సినిమాలంటే పిచ్చి కదా. ఇసుకలో జీనత్‌తో, బహురూపితో కలిసి ‘కజ్‌రారే’ పాటకి డాన్స్ చేసిన పిల్ల తన జీవితంలో రైలు సీన్ వస్తే వదులుకుంటుందా? పైగా చెయ్యి చాచింది హీరో కాదు, ఇంకో ఆడది. తెలిసే పెట్టాడు.

రీరికార్డింగ్ · ఉదయం 9:55

తెలిసే పెట్టాడని నాకూ తెలుసు. అయినా అక్కడ ఈల వెయ్యాలనిపించింది. ఈ సినిమాకి ఈల వెయ్యాలనిపించకూడదని నా బాధ.

ఇరానీ_చాయ్ · ఉదయం 9:57

ఈల వేస్తే తప్పేంటి? పాపం రెండు గంటలు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. అసలు ఈ కుకునూరే తర్వాత ‘గుడ్ లక్ సఖి’ తీశాడు, అక్కడ ఈల వెయ్యాలనుకున్నా కుదర్లేదు…

మోడరేటర్ · ఉదయం 10:20

గుడ్ లక్ సఖి మీద వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ కొబ్బరాకు గారి కోసం ఎదురుచూస్తున్నాం.

కొబ్బరాకు · మధ్యాహ్నం 2:05

వంట, పడక అన్నీ అయ్యాయి. ఇప్పుడు రాస్తున్నాను.

మా పిన్ని గురించి. బాబాయి పోయేసరికి ఆవిడకి ఇరవై ఆరు. మాది కోనసీమలో పెద్దిల్లు, మా నాయనమ్మ మాటే చట్టం. అప్పుడు నాకు పదేళ్ళు, పదో రోజున నన్ను గదిలోకి రానివ్వలేదు. కిటికీ ఊచల్లోంచి చూశాను. ముఖం నిండా పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టి, మోచేతుల దాకా గాజులు తొడిగారు. అన్ని గాజులు పెళ్ళిలో కూడా వేసుకోలేదు పిన్ని. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు, రాయను.

రాయాలనుకున్నది వేరే. పిన్నికి పాటలంటే ప్రాణం. మధ్యాహ్నం పూట రేడియో పక్క వాటాలో మోగేది. పిన్ని వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం చెరిగేది. పాట వస్తుంటే చేట కూడా పాటతో పాటే పడేది. తప్, తప్, తపతప్. చరణం దగ్గర నెమ్మది, పల్లవి రాగానే జోరు. నూకలు ఒక పక్కకి, బియ్యం ఒక పక్కకి లయలో విడిపోయేవి. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు మా నాయనమ్మ హాల్లోంచి ఒకే మాటంది, ‘చేట చప్పుడు తగ్గించవే’ అని. పిన్ని ఆ తర్వాత కూడా చెరిగింది. చప్పుడు లేకుండా ఎలా చెరగాలో నేర్చుకుంది. అలా చెరగడం మీరెప్పుడైనా చూశారా? చాలా కష్టం.

మీరా ఇసుకలో డాన్స్ చేస్తుంటే హాల్లో అందరూ నవ్వుతున్నారు, నాకు చేట చప్పుడు వినిపించింది.

నాయనమ్మ కూడా అప్పటికి పదిహేనేళ్ళుగా బొట్టు లేని మనిషే. ఆ సినిమాలో ముసలమ్మ ఉత్తరా బావోకర్ లాగే. తను పడ్డది కోడలు కూడా పడాలని ఎందుకనుకుంటారో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. కోడలికి అక్కర్లేదంటే, మరి తను అన్నేళ్ళూ పడ్డదానికి అర్థం ఏముంటుంది?

రెండో_ఆట గారు, మీరు అడిగారు, క్షమించిందా, కోపమా అని. ఒక్క సంతకంలో రెండూ ఉండకూడదా అండీ? నాకనిపించేది, ఆమె క్షమించింది ఆ జైల్లో ఉన్న మనిషిని కాదు. అతన్ని చూడను కూడా చూడలేదు. జీనత్‌ని క్షమించింది. అతనికి ప్రాణం దక్కడం దానికి వచ్చిన వడ్డీ.

నిద్రగన్నేరు · మధ్యాహ్నం 2:31

వడ్డీ అన్న మాట దగ్గర ఆగిపోయానండీ.

రెండో_ఆట · మధ్యాహ్నం 3:10

నా అనుమానం పూర్తిగా పోలేదు, కానీ చోటు మారింది. ఇప్పటిదాకా మీరాని బోనులో నిలబెట్టి ‘నిజంగా మనసారా చేశావా’ అని అడుగుతున్నాను. జీనత్ భర్త తోశాడా, కాలు జారిందా అన్నది మాత్రం నేనూ అడగలేదు. జీనత్ ప్రమాదమే అని నమ్ముతుంది, ఆ నమ్మకం మీదే సినిమా నడుస్తుంది. మొగుణ్ణి నమ్మినవాళ్ళని మనం ఋజువు అడగం, సంతకం పెట్టినావిడని అడుగుతాం.

జగిత్యాల_పోరడు · సాయంత్రం 6:44

డ్యూటీ అయిపోయింది. కొబ్బరాకు అక్కా, నీ ముచ్చట బస్సుల సదివిన.

నేను నిన్న ఒకటి రాయలె. రాయాల్నా వద్దా అనుకున్న. మా కాడ పని చేసెటోడు ఒకడు, మా పక్క ఊరోడే, యాక్సిడెంట్‌ల పోయిండు. శవం రానీకె నెలన్నర పట్టింది. పైసలు రానీకె కాయిదాలు కావాలె, వారసులు దస్కతు చెయ్యాలె. నేను సెలవు మీద పోతున్న అని ఆ కాయిదాలు నా చేతికిచ్చిండ్రు.

పోయిన. అందరు మగోళ్ళు మంచాల మీద కూసున్నరు. వాని తమ్ముడు కాయిదం తీసుకొని లోపటికి పోయి, ఆమెను పట్టుకొచ్చిండు. ఏం కాయిదమో ఆమెకు చెప్పలె. ఆమె గూడ అడగలె. సిరా డబ్బల బొటనేలు ముంచి గుద్దింది, ఆ సిరా తలకు రాసుకుంది, లోపటికి పోయింది. గంతే. ఒక నిమిషం గూడ పట్టలె. ఆ పైసలు ఎవరి ఖాతాల పడ్డయో నేను అడగలె. అడగాల్సింది.

సినిమల మీరా పరుగెత్తుకుంట వచ్చి ఆ కాయిదం ఇస్తది సూడు, అప్పుడు మా రూంల ఎవ్వడు మాట్లాడలె. మీకు షారుఖ్ రైలు యాదికొచ్చింది. నాకు ఆ సిరా యాదికొచ్చింది. మీరా తెలిసి పెట్టింది. కోపంతోటి పెట్టిందో, ప్రేమతోటి పెట్టిందో, నాకు అది రెండో ముచ్చట.

రీరికార్డింగ్ · సాయంత్రం 7:02

అన్నా, రైలు గురించి నేనన్నది వెనక్కి తీసుకోను, కానీ ఇంకోసారి చూస్తాను.

పాలక్కాడ్_కోడలు · సాయంత్రం 7:20

సౌదీలో మరణశిక్ష పడ్డ కోళికోడ్ మనిషి కోసం 2024లో మలయాళీలు 34 కోట్లు పోగుచేశారు, గుర్తుందా? మా వీధి చివర టీ కొట్టు అతను కూడా ఒకరోజు గల్లా పెట్టె మొత్తం ఇచ్చేశాడు. అప్పుడు టీవీ అంతా 34 కోట్లే. పుచ్చుకునే ఇంట్లో వాళ్ళ పోయిన పిల్లవాడి గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. జగిత్యాల అన్న నిన్న నేపాల్ ఆవిడ గురించి రాసినప్పటినుంచీ అదే తిరుగుతోంది నా బుర్రలో.

కొబ్బరాకు · రాత్రి 9:48

పిన్నికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఈ రోజు సాయంత్రం నా ఫోన్లో ‘డోర్’ పెట్టి చూపించాను. హిందీ రాదు, నేను పక్కన చెబుతూ ఉన్నాను. డాన్స్ దగ్గర ఏదో అంటుందని చూశాను. ఏమీ అనలేదు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ముసలమ్మ వచ్చినప్పుడల్లా మాత్రం ‘ఇదిగో మీ నాయనమ్మ’ అంది.

అయిపోయాక అడిగాను, ‘ఎలా ఉంది పిన్నీ?’ అని.

‘ఆ రైలు ఎక్కడికి పోతుందే?’ అంది.

హిమాచల్ వైపు, కొండల్లోకి అన్నాను.

‘అక్కడ చలి కదే. పిల్ల ఆ పల్చటి ఓణీతోనే ఎక్కేసింది’ అంది.